వేలిముద్రల సంగతి తర్వాత, ముందు ఆ ఫోన్ చెయ్యండి

ప్రశ్న: అక్కా నమస్తే. మేము కాలిఫోర్నియాలో బే ఏరియాలో ఉంటాం. కొంతమంది పేరెంట్స్ కలిసి ఆదివారాలు ఒక బిల్డింగ్ అద్దెకి తీసుకుని పిల్లలకి తెలుగు, డాన్స్, చెస్, క్రికెట్ క్లాసులు నడుపుతున్నాం. 120 మంది దాకా పిల్లలున్నారు. డాన్స్ టీచర్‌కి, క్రికెట్ కోచ్‌కి తప్ప ఇంకెవరికీ డబ్బులివ్వం, మిగతా అందరం వాలంటీర్లమే, నేను కమిటీలో ఉన్నాను. ఈసారి ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి వెళ్తే ఏబీ 506 అనే రాష్ట్ర చట్టం ప్రకారం అందరికీ వేలిముద్రలు, ట్రైనింగ్ అయ్యాయా, రాతలో పిల్లల రక్షణ పాలసీ ఉందా అని అడిగారు. ఆ మాట వాట్సాప్ గ్రూపులో పెట్టానో లేదో పెద్ద గొడవైపోయింది. పన్నెండేళ్ళుగా పద్యాలు నేర్పిస్తున్న ఒక పెద్దాయన "ఈ వయసులో నన్ను దొంగలా వేలిముద్రలు వెయ్యమంటారా" అని చాలా బాధపడ్డారు. మావి చిన్న క్లాసులు, అందరం తెలిసినవాళ్ళం, ఈ చట్టాలన్నీ మాలాంటివాళ్ళకి ఎందుకు? దీన్నుంచి తప్పుకునే దారి ఏమైనా ఉందా? ఇంకో చిన్న విషయం. పోయినేడాది ఒక పాప రావడం మానేసింది, ఫలానా సార్ దగ్గర ఒక్కదాన్నే ఉండనంటోంది అని వాళ్ళమ్మ నాతో అంది, మేం ఎందుకొచ్చిందిలే అని ఆ సార్‌ని పెద్దపిల్లల బ్యాచ్‌కి మార్చేశాం. ఇప్పుడు ఆ ట్రైనింగ్ వీడియో చూస్తుంటే అదెందుకో గుర్తొస్తోంది.

సమాధానం:

చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు వేలిముద్రల గొడవ గురించే అనుకున్నా, నవ్వు కూడా వచ్చింది, ఎందుకంటే ఇదే గొడవ నేను మూడు ఊళ్ళలో చూశాను, ప్రతిచోటా ఒక పద్యాల మాస్టారు, ప్రతిచోటా అదే డైలాగు. చివరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. నువ్వు "ఇంకో చిన్న విషయం" అని రాశావు చూడు, అది చిన్న విషయం కాదు, అసలు ఉత్తరం అదే, పైన రాసిందంతా దానికి ముందుమాట. అది నీక్కూడా తెలుసు, తెలియకపోతే రాసేదానివి కాదు.

అందుకని వరస తిప్పి చెప్తా, ఏమీ అనుకోకు.

ఇది చదవడం అయ్యాక, రేపు కాదు ఈరోజే, మీ కౌంటీ చైల్డ్ ప్రొటెక్టివ్ సర్వీసెస్‌కి గానీ, మీ ఊరి పోలీసులకి గానీ, షెరిఫ్ ఆఫీసుకి గానీ ఫోన్ చెయ్యి. బయటి మనిషి మీద అనుమానం అయితే మామూలుగా పోలీసులే చూస్తారు, కానీ నువ్వు ఎవరికి చేశావన్నది పెద్ద సమస్య కాదు, వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటారు. నంబరు ఎక్కడ వెతకాలో తెలియక చేతులాడకపోతే చైల్డ్‌హెల్ప్ వాళ్ళ నేషనల్ హాట్‌లైన్ ఉంది, 1-800-422-4453, రాత్రీ పగలూ ఎత్తుతారు, ఎలా రిపోర్ట్ చెయ్యాలో వాళ్ళే చెప్తారు. నువ్వు చెప్పాల్సింది కూడా ఎక్కువేం లేదు. పాప పేరు, వయసు, వాళ్ళమ్మ నీతో అన్న మాట ఉన్నది ఉన్నట్టు, ఎప్పుడు అంది, ఆ సార్ ఎవరు, ఇప్పుడు ఎవరికి క్లాసు చెప్తున్నాడు. అంతే. "ఆయన అలాంటివాడు కాదనుకుంటా" అనీ చెప్పక్కర్లేదు, "నాకు ముందునుంచీ డౌటే" అనీ చెప్పక్కర్లేదు.

ఇక్కడే మనవాళ్ళందరూ ఆగిపోతారు. "రుజువేముంది అక్కా, ఆ పిల్ల ఏం చెప్పిందో కూడా సరిగ్గా తెలీదు, ఉత్తినే ఒక మనిషి జీవితం పాడు చేస్తామేమో" అని. రుజువు నిన్ను ఎవరూ అడగలేదు. కాలిఫోర్నియా చట్టంలో ఉన్న మాట సహేతుకమైన అనుమానం, అంతవరకే. నిజమా కాదా తేల్చే పని నీది కాదు, దానికి ట్రైనింగ్ అయినవాళ్ళు వేరే ఉన్నారు, పిల్లల్ని ఎలా అడగాలో, ఎన్నిసార్లు అడగకూడదో వాళ్ళకి తెలుసు. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇది: ఆ పాపని పిలిచి కూర్చోబెట్టి "ఏం జరిగిందమ్మా, నిజం చెప్పు" అని అడగొద్దు, కమిటీ ఆంటీలు నలుగురు వాళ్ళింటికి పళ్ళు పట్టుకుని వెళ్ళి పలకరించొద్దు, ఆ సార్‌ని పిలిచి "మీ మీద ఇలా మాటొచ్చింది" అని వివరణ అడగొద్దు. మంచి మనసుతో చేసే ఈ మూడు పనులే తర్వాత విచారణని చెడగొడతాయి, పిల్ల భయపడి మాట మార్చేస్తుంది, అవతలి మనిషి జాగ్రత్తపడతాడు. పోలీసులతో మాట్లాడేటప్పుడే అడుగు, ఆయన్ని క్లాసుల నుంచి ఎలా ఆపమంటారు, ఏం చెప్పి ఆపమంటారు అని. ఈలోగా ఆదివారం వస్తే ఏ కారణమో చెప్పి ఆయన పిల్లల దగ్గర లేకుండా చూడు, రూము దొరకలేదను, టైమ్ టేబుల్ మారిందను, ఏదో ఒకటి.

ఆ సార్ ఏ తప్పూ చెయ్యలేదేమో, అది కూడా నిజం కావచ్చు. ఆ పాప ఆయన గొంతు పెద్దదని భయపడిందేమో, హోంవర్క్ చెయ్యలేదని తిట్టాడేమో. అలాగైతే వాళ్ళు అడిగి వదిలేస్తారు, చాలా ఫోన్లు అక్కడితోనే ఆగిపోతాయి, ప్రతి ఫోన్‌కీ పోలీసు కారు లైట్లేసుకుని రాదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు పెట్టకుండా చట్టం రక్షణ ఇచ్చింది, కావాలని అబద్ధం చెప్తేనే చిక్కు. కానీ మీరు చేసిన పని ఒకసారి చూడు చెల్లీ, కోపంగా అనట్లేదు. ఆయన దగ్గర ఒంటరిగా ఉండలేనని ఒక పిల్ల చెప్తే ఆయన్ని ఇంకొంతమంది పిల్లల దగ్గరికి పంపారు. పైగా ఆ పిల్లలకీ, వాళ్ళ అమ్మానాన్నలకీ ఏం చెప్పకుండా. మానేసింది ఎవరు? పాప. క్లాసులో ఉన్నది ఎవరు? సార్.

మీరొక్కరే ఇలా చేశారని కాదు. ఈ దేశంలో ఈ చట్టాలు మీలాంటి క్లాసుల దాకా ఎందుకొచ్చాయి అని అడిగావు కదా, సరిగ్గా ఈ "బ్యాచ్ మార్చడం" వల్లే వచ్చాయి. మొదట్లో ఈ చెప్పి తీరాల్సిన బాధ్యత డాక్టర్ల మీదే ఉండేది. 1962లో డాక్టర్ హెన్రీ కెంప్, ఆయనతో ఇంకొందరు కలిసి ఒక మెడికల్ జర్నల్‌లో రాశారు, ఆసుపత్రికొచ్చే చిన్నపిల్లల ఎముకలు విరగడం వెనక ఇంట్లోవాళ్ళ దెబ్బలు ఉంటున్నాయని. దాంతో దేశం ఉలిక్కిపడింది, 1963లో కాలిఫోర్నియా డాక్టర్లు రిపోర్ట్ చెయ్యాలని చట్టం చేసింది, 1967 కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో వచ్చేసింది. 1974లో కేంద్రం కూడా చట్టం చేసింది, కాలిఫోర్నియాలో ఇప్పుడున్న రిపోర్టింగ్ చట్టం 1980ది. డాక్టర్ల తర్వాత టీచర్లు, సోషల్ వర్కర్లు, ఇలా లిస్టు పెరుగుతూ వచ్చింది. కానీ వారాంతం క్లాసులు, ఆటల కోచింగులు, క్యాంపులు, సేవా సంస్థలు, వీటి దగ్గరికొచ్చేసరికి చాలాకాలం అందరూ మొహమాటపడ్డారు. వాళ్ళు మంచిపని చేస్తున్నారు కదా, ఊరికే చేస్తున్నారు కదా, వాళ్ళనేం అడుగుతాం అని.

ఆ మొహమాటం ఖరీదు ఎంతో పెన్సిల్వేనియాలో తెలిసింది. జెర్రీ సాండస్కీ అని పెన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్, 1977లో సెకండ్ మైల్ అని పేదపిల్లల కోసం ఒక సంస్థ పెట్టాడు. ఊరంతా దండం పెట్టేవాళ్ళు. ఆ సంస్థకి వచ్చిన పిల్లల్లోంచే తనకి కావాల్సినవాళ్ళని ఏరుకున్నాడు. 2001లో అతను ఒక పిల్లాణ్ణి లైంగికంగా వేధించడం ఒక కుర్ర అసిస్టెంట్ కళ్ళారా చూసి పెద్దకోచ్‌కి చెప్పాడు, పెద్దకోచ్ పైవాడికి చెప్పాడు, పైవాళ్ళు కూర్చుని మాట్లాడుకుని ఏం తేల్చారో తెలుసా, ఇక మీదట పిల్లల్ని మా బిల్డింగుల్లోకి తీసుకురావద్దు అని ఆయనకి చెప్పి ఊరుకున్నారు. పోలీసులకి ఎవరూ చెప్పలేదు. అరెస్టయింది 2011 నవంబర్‌లో, పదేళ్ళ తర్వాత. 2012లో 45 నేరాలు రుజువయ్యాయి. యూనివర్సిటీ ప్రెసిడెంట్‌తో సహా ముగ్గురు పెద్ద ఆఫీసర్లు పిల్లల్ని ప్రమాదంలో వదిలేసినందుకు జైలుకెళ్ళారు. వాళ్ళలో ఎవరూ పిల్లల మీద చెయ్యి వెయ్యలేదు, గమనించు. "ఇక్కడ వద్దు, ఇంకెక్కడైనా" అన్నారు, అంతే.

ఆ తర్వాత పెన్సిల్వేనియా చట్టం మార్చేసింది, 2014 డిసెంబర్ 31 నుంచి అమల్లోకొచ్చింది. అంతకుముందు సంస్థలో పనిచేసేవాళ్ళు తమ పైఅధికారికి చెప్తే చాలు, ఇప్పుడు అలా కుదరదు, చూసినవాళ్ళే నేరుగా బయటికి చెప్పాలి. ఇంకోటి, జీతం ఉన్నా లేకపోయినా, క్రమం తప్పకుండా జరిగే ఏ కార్యక్రమంలోనైనా పిల్లల బాధ్యత తీసుకున్న మనిషి మీద ఆ బాధ్యత పెట్టారు. "నేను వాలంటీర్‌ని కదా" అనే మాట అక్కడ చెల్లదు. పిల్లలతో పనిచేసే వాలంటీర్ల క్లియరెన్సులు, అంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ కాగితాలు, 60 నెలలకోసారి మళ్ళీ తీసుకోవాలి. ఇక జిమ్నాస్టిక్స్‌లో లారీ నాసర్ అనే డాక్టర్ ఆడపిల్లల్ని వేధించిన వ్యవహారం బయటపడ్డాక 2018 ఫిబ్రవరిలో కేంద్రం సేఫ్ స్పోర్ట్ చట్టం తెచ్చి, ఒలింపిక్స్ కింద నడిచే ఆటల సంఘాల్లో పిల్లలతో ఉండే పెద్దవాళ్ళు అనుమానం వస్తే 24 గంటల్లోపు చెప్పాలని రూలు పెట్టింది. అక్కడా అదే కథ, ఆడపిల్లలు ఏళ్ళ తరబడి చెప్తూనే ఉన్నారు, విన్నవాళ్ళు లోపలే దాచుకున్నారు.

కాలిఫోర్నియా ఏబీ 506 ఆ వరసలోదే, 2021లో పాసై 2022 జనవరి 1 నుంచి నడుస్తోంది. పిల్లల సంస్థలన్నిటికీ మూడు పనులు చెప్పింది. ఒకటి, నిర్వాహకులు, జీతగాళ్ళు, రెగ్యులర్ వాలంటీర్లు పిల్లల మీద వేధింపుల్ని గుర్తుపట్టడం, రిపోర్ట్ చెయ్యడం గురించి ట్రైనింగ్ తీసుకోవాలి, రాష్ట్రం సోషల్ సర్వీసెస్ వాళ్ళ ఆన్‌లైన్ కోర్సు ఉంది, డబ్బులక్కర్లేదు. రెండోది నీ గొడవకి మూలం, వేలిముద్రలతో బ్యాక్‌గ్రౌండ్ చెక్. మూడోది రాతలో పాలసీ. రెగ్యులర్ వాలంటీర్ అంటే 18 నిండి, పిల్లలతో నేరుగా ఉంటూ నెలకి 16 గంటలు గానీ ఏడాదికి 32 గంటలు గానీ దాటినవాళ్ళు. మీ ఆదివారం క్లాసు గంటన్నర అనుకుందాం, ఏడాదికి 22 వారాలు వస్తే చాలు 33 గంటలు, దాదాపు మీ టీచర్లందరూ వచ్చేస్తారు. పాస్ అయిన చట్టంలోనే ఇన్సూరెన్స్ కంపెనీ ఇవన్నీ చేశారా లేదా అని అడగొచ్చని కూడా రాసి ఉంది, అందుకే అడిగారు, వాళ్ళేమీ మీ మీద పగబట్టలేదు.

ఇన్సూరెన్స్ వాళ్ళు ఎందుకు భయపడతారో కూడా చెప్తా, ఒక్క మాట. బాయ్ స్కౌట్స్ వాళ్ళు 2020లో దివాలా పిటిషన్ వేశారు, పాత వేధింపుల క్లెయిములు 82,000 దాటాయి, సెటిల్‌మెంట్ 246 కోట్ల డాలర్లు. వందేళ్ళ పైబడిన సంస్థ. మన 120 మంది పిల్లల క్లాసు ఒక్క కేసుకే మూతపడిపోతుంది.

తప్పుకునే దారి ఉందా అన్నావు. మీరు డాన్స్ టీచర్‌కీ కోచ్‌కీ డబ్బులిస్తున్నారు, అక్కడే మీకు చట్టం వర్తిస్తుంది, దారులు వెతకొద్దు. నిజం చెప్పాలంటే ఈ చట్టంలో నాకు నచ్చనివి ఉన్నాయి, ఆ గంటల లెక్క ఏంటో నాకర్థం కాదు, ఏడాదికి 31 గంటలు ఉన్న మనిషి 33 గంటలున్న మనిషికన్నా మంచివాడా? మీరైతే గంటలు లెక్కపెట్టకుండా ప్రతి ఒక్కరికీ పెట్టెయ్యండి, ఏడాదికి రెండుసార్లు వచ్చే గెస్టుల్ని మాత్రం ఎప్పుడూ ఒంటరిగా వదలకండి. చిన్న సంస్థలకి ఇది భారమే, ఒకరిద్దరు మానేస్తారు కూడా, కాదనను. వాళ్ళ క్లాసు ఒక సీజన్ ఆగితే ఆగనివ్వు.

మిగతా రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు ఇది చదివి కాలిఫోర్నియా గోల మనకెందుకులే అనుకోవద్దు. టెక్సస్‌లో, న్యూజెర్సీలో లిస్టులో ఉన్నామా లేదా అన్నదానితో పనిలేదు, అనుమానం వచ్చిన ప్రతి మనిషీ చెప్పాల్సిందే, అంకులైనా ఆంటీ అయినా.

ఆ మాట వచ్చింది కాబట్టి, నాకు చాలాకాలంగా మనసులో ఉన్నదొకటి చెప్పాలి. మన పిల్లలకి ఇక్కడ ప్రతి మగాడూ అంకులే. పార్టీలో పదినిమిషాల క్రితం పరిచయమైనవాడు కూడా అంకులే. ఊళ్ళో ఉన్నప్పుడు బాబాయ్ అంటే ఎవరి కొడుకో, ఎవరి అల్లుడో, ఏ వీధిలో ఉంటాడో మూడు తరాలు తెలిసేది, ఆ వరసకి వెనక ఒక లెక్క ఉండేది. ఇక్కడ ఆ లెక్క లేదు, వరస ఒక్కటే మిగిలింది. అవతలి మనిషి ఆఫీసు తెలుసు, ఏ కారో తెలుసు, ఇల్లు ఎంతకి కొన్నాడో కూడా తెలుసు, అంతకుమించి ఏం తెలుసు మనకి? అయినా "తెలిసినవాళ్ళమే కదా" అంటాం. పైగా పిల్లకి ఇష్టం లేకపోయినా "అంకుల్‌కి హగ్ ఇవ్వు", "గురువుగారి కాళ్ళకి దండం పెట్టు, ఎదురు చెప్పకు" అని మనమే నేర్పిస్తాం. అలా నేర్పిన పిల్ల వాళ్ళమ్మ దగ్గరికొచ్చి ఆ సార్ దగ్గర ఒంటరిగా ఉండనంది. ఎంత ధైర్యం కావాలో ఆలోచించు ఆ మాట అనడానికి.

ఇప్పుడు వేలిముద్రలు. వాటి మీద నాకు పెద్ద నమ్మకం ఏమీ లేదు, ముందే చెప్తున్నా. లైవ్ స్కాన్, అంటే ఈ వేలిముద్రల చెక్, ఇంతకుముందు దొరికిపోయినవాళ్ళనే పట్టుకుంటుంది. ఎప్పుడూ దొరకనివాడు క్లీన్‌గా వస్తాడు, సాండస్కీకి 2011 ముందు తీసుంటే క్లీన్‌గానే వచ్చేది. అందుకని "అందరికీ చెక్ అయిపోయింది, ఇంక భయం లేదు" అని గ్రూపులో ఎవరైనా పెడితే నమ్మకు. మరి ఎందుకు చెయ్యడం అంటే, అక్కడ దొరికిపోయి ఇక్కడికి ఊరు మారొచ్చినవాడు ఉంటాడు కదా, వాడు చెక్ లేని సంస్థనే వెతుక్కుంటాడు, తలుపు తీసి ఉన్న ఇంటికే పిల్లి వస్తుంది.

నేను గట్టిగా పట్టుకోమనేది మూడోది, ఆ పాలసీ. అందులో రెండు విషయాలు చట్టమే అడుగుతుంది. అనుమానం వస్తే సంస్థ బయటికి రిపోర్ట్ చెయ్యాలని ఉండాలి. వీలైనంతవరకు పిల్లల దగ్గర ఎప్పుడూ కనీసం ఇద్దరు మాండేటెడ్ రిపోర్టర్లు, అంటే చెప్పి తీరాల్సిన పెద్దవాళ్ళు, ఉండాలని ఉండాలి. చాలామంది నెట్లో దొరికిన పేపరు డౌన్‌లోడ్ చేసి, పైన సంస్థ పేరు మార్చి, డ్రైవ్‌లో పడేస్తారు. అలా కాదు. కూర్చుని మీ ఆదివారాన్ని గంట గంటకీ తలుచుకోండి. ఎవరి పేరెంట్స్ లేటుగా వస్తారు, అప్పటిదాకా ఆ పిల్ల ఎవరితో ఉంటుంది? రిహార్సల్స్ ఎవరింట్లో పెడుతున్నారు, బేస్‌మెంట్లోనా? రైడ్ ఎవరిస్తున్నారు, కారులో ఒక్క పిల్లే ఉంటుందా? పదమూడేళ్ళ పిల్లకి సార్ విడిగా వాట్సాప్ మెసేజ్ పెడుతున్నాడా? డాన్స్‌లో అరమండి సరిచేసేటప్పుడు చెయ్యి వేస్తారు కదా, అది అందరి ముందూ జరుగుతోందా, ముందు పిల్లని అడుగుతున్నారా? వార్షికోత్సవం రోజు గ్రీన్ రూమ్ సంగతి చెప్పక్కర్లేదు, యాభై మంది పిల్లలు డ్రెస్సులు మార్చుకుంటుంటే పిన్నులు ఇవ్వడానికొకడు, ఫోటోలు తియ్యడానికొకడు, పులిహోర ప్లేట్లు పట్టుకుని ఇంకొకడు తలుపు నెట్టుకుని వచ్చేస్తారు. గ్రీన్ రూమ్ తలుపు దగ్గర ఇద్దరు అమ్మల్ని కూర్చోబెట్టు, లిస్టులో లేనివాళ్ళు ప్రెసిడెంట్ అయినా సరే లోపలికి పోకూడదు. మెసేజ్‌లు గ్రూపులోనే, లేదా అమ్మో నాన్నో ఉన్న థ్రెడ్‌లోనే. రైడ్ ఇస్తే ఇద్దరు పిల్లలు ఉండాలి, లేదా ఇద్దరు పెద్దవాళ్ళు. క్లాసు తలుపు తీసే ఉండాలి. ఇవి పాటించడానికి పైసా ఖర్చు లేదు, చేసిన మర్నాటి నుంచే పనిచేస్తాయి, మంచి టీచర్ని కూడా ఇవే కాపాడతాయి, రేపు ఎవరైనా లేనిపోని మాట అంటే "ఆ రోజు రూములో నేనూ ఉన్నా" అని చెప్పే మనిషి ఉంటుంది.

రిపోర్టింగ్ గురించి పాలసీలో రాసేటప్పుడు ఒక వాక్యం మాత్రం పొరపాటున కూడా రానివ్వకు, "ముందు కమిటీకి తెలియజేయాలి" అని. కాలిఫోర్నియాలో బాధ్యత మనిషిది, సంస్థది కాదు. మాండేటెడ్ రిపోర్టర్ తన పైవాళ్ళకి చెప్పినంత మాత్రాన చెప్పినట్టు లెక్క కాదు. వెంటనే ఫోన్ చెయ్యాలి, 36 గంటల్లోపు రాతలో పంపాలి, చెయ్యకపోతే ఆరు నెలల దాకా జైలు, 1,000 డాలర్ల దాకా జరిమానా, లేదా రెండూ. కమిటీకి తర్వాత చెప్పుకోవచ్చు. నేనొకసారి ఈ తప్పు చేశాను, చాలా ఏళ్ళ క్రితం, ఒక పిల్లాడి వీపు మీద వాతలు చూసి మా కమిటీలో మాట్లాడదాం అనుకున్నా, మీటింగ్ పెట్టడానికి మూడు వారాలు పట్టింది, ఎవరికీ ఖాళీ లేదు. ఆ మూడు వారాలు ఆ పిల్లాడు ఆ ఇంట్లోనే ఉన్నాడు. నాకిప్పటికీ ఆ క్యాలెండర్ ఇన్వైట్ గుర్తుంది.

నీకు వచ్చే ఫోన్లు కూడా నేను ఊహించగలను. "ఆడపిల్ల విషయం, బయటికొస్తే పాపకే చెడ్డపేరు" అంటారు, పిల్లకి ఎందుకొస్తుంది చెడ్డపేరు, అడుగు వాళ్ళని. "వాళ్ళమ్మే ఊరుకుంది, నీకెందుకు" అంటారు. వాళ్ళమ్మ ఊరుకోలేదు, నీతో చెప్పింది, చెప్తే ఏదైనా జరుగుతుందేమోనని చెప్పింది. ఫోన్ చేసే ముందు ఆమె పర్మిషన్ అడగక్కర్లేదు, అయ్యాక కావాలంటే ఆమెకి "నేను చెప్పాను, పోయినేడాదే చెప్పాల్సింది, క్షమించు" అని ఒక్క మాట చెప్పొచ్చు, అది కూడా ఎప్పుడు చెప్పొచ్చో ఆఫీసర్‌ని అడిగి. "వీసా మీద ఉన్నాడు పాపం, ఉద్యోగం పోతుంది" అంటారు. సరే, ఆ పెద్దపిల్లల బ్యాచ్‌లో మీ అమ్మాయి ఉందా అని అడుగు, అప్పుడేమంటారో చూడు.

ఇక పద్యాల మాస్టారు. వేలిముద్రలు ఇవ్వనంటున్నది, ఆ బ్యాచ్ మారిన సార్ ఒకరేనా కాదా నువ్వు రాయలేదు. వేరే మనిషే అనుకుంటున్నా. వేలిముద్రలకి ఒప్పుకోలేదని ఆయన్ని అనుమానించకండి, ఆయన బాధ నాకర్థమవుతుంది, ఆయన కాలంలో వేలిముద్ర అంటే పోలీస్ స్టేషన్, లేకపోతే చదువు రానివాళ్ళు. చిన్నతనం అనిపించడం సహజం. ఎవరో ఒకరు ఇంటికెళ్ళి కాఫీ తాగుతూ మెల్లిగా చెప్పండి, మాస్టారూ, మనందరం ఈ దేశం రావడానికి వీసా ఆఫీసులో పదివేళ్ళూ పెట్టి వచ్చినవాళ్ళమే, అప్పుడు ఎవరం అవమానం అనుకోలేదు, సంతోషంగా బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాం, మన పిల్లల కోసం ఇంకోసారి పెట్టలేమా అని. ఆయనకి పెద్దరికం కావాలి, అది ఇవ్వండి, "మీరు వేస్తే మిగతావాళ్ళు నోరెత్తరు" అని చెప్పండి, ఇది ముఖస్తుతి కాదు, నిజంగానే అంతే. రిజల్టు గ్రూపులో పెట్టరు, సంస్థ తరఫున రికార్డులు చూడటానికి ఒక మనిషిని పెట్టుకోవాలి, ఆ మనిషి కూడా ముందు తన వేలిముద్రలు ఇచ్చి క్లియర్ అవ్వాలి, వివరాలు ఆ మనిషి దగ్గరే ఉంటాయి, అది కూడా ఆయనకి చెప్పండి. అన్నీ చెప్పినా ఒప్పుకోకపోతే ఆయనకి శాలువా కప్పి, స్టేజీ మీద కూర్చోబెట్టి, పద్యపోటీకి జడ్జిగా పెట్టండి, క్లాసు మాత్రం ఇవ్వొద్దు. ఒక్కరికి మినహాయింపు ఇచ్చారంటే రెండోవాడు అదే అడుగుతాడు, ఆ రెండోవాడు ఎవరో నీకు తెలీదు.

ఫారాలు ఒక్కొక్కరి చేతికీ ఇవ్వకు, అప్పుడే నన్నెందుకు అడిగారన్న మాట వస్తుంది. ఒక గూగుల్ షీట్ పెట్టి కమిటీ దగ్గర్నుంచి పార్కింగ్ చూసే కుర్రాడి దాకా అందరి పేర్లూ రాయి, మొదటి వరసలో నీ పేరు, పక్కన లైవ్ స్కాన్ చేయించుకున్న తేదీ. షీట్ సంగతి వచ్చేవారం చూసుకోవచ్చు. ఫోన్ చేశాక మాత్రం నాకు ఒక మెసేజ్ పెట్టు, వివరాలేం వద్దు, చేశాను అని చాలు.